ఎనిమిది వారాల ఒక్కపొద్దు

నేను కోరుట్ల నుంచి మెట్‌పల్లి మీదుగా ఇబ్రహీంపట్నం దాకా ఆటో తోలుతాను. పేరు లచ్చయ్య. బడికి పోయింది రెండు రోజులే. మొదటి రోజు పలక పోయింది, రెండో రోజు నేను పోయాను. చదువు లేకపోయినా నా ఆటోలో ముచ్చటకు మాత్రం కరువు లేదు. దుబాయి ఎండలో రోడ్డు మీద కోడిగుడ్డు పగలగొడితే ఆమ్లెట్ అవుతుందని అందరూ చెబుతారు. పగలగొట్టకుండా పెడితే పిల్ల బయటికొచ్చి నీడ వెతుక్కుంటూ పోతుందని చెప్పింది నేనే. నేను దుబాయి పోలేదు. పోయొచ్చిన వాళ్లు ఇద్దరు ఆ రోజు వెనక సీట్లోనే ఉన్నారు. వాళ్లు కూడా కాదనలేదు.

మా బిడ్డ ప్రవళికకు పదమూడేళ్లు. ఏడాదిగా కడుపునొప్పి. రోజుకు ఆరేడు సార్లు బయటికి పోవడం, నోట్లో పుండ్లు, రెండు రోజులకోసారి జ్వరం. తోటి పిల్లలు పెరుగుతుంటే మా పిల్ల గౌను మాత్రం పెరిగింది. బరువు ఇరవై ఏడు కిలోలు. హైదరాబాద్‌లో గొట్టం వేసి, కెమెరా పెట్టి చూసి, క్రోన్స్ అనే జబ్బు అన్నారు. పేగు తనను తానే కొరుక్కుంటుందట. చిన్నపేగు చివర ఒకచోట వాచి, దారి సన్నబడింది. జగిత్యాలలోనే పొట్ట డాక్టరు ఉన్నాడు, అక్కడ చూపించుకోండని కాగితం రాసిచ్చారు.

జగిత్యాల డాక్టరు కాగితాలన్నీ చదివి, పక్క గదిలో ఉన్న కల్పన మేడం దగ్గరికి పంపాడు. ఆమె మందులు ఇచ్చే మనిషి కాదు, తిండి చెప్పే మనిషి. బల్ల మీద ఒక పొడి డబ్బా పెట్టింది.

"లచ్చయ్య గారు, మంచిగ వినుండ్రి. ఎనిమిది వారాలు ఈ పొడి నీళ్లల్ల కలిపి ఆ పాలే తాగాలె. దినానికి ఆరు గ్లాసులు. మంచినీళ్లు తాగొచ్చు. ఇంకేది లేదు."

"అన్నం, మేడం?"

"లేదు."

"రొట్టె?"

"లేదు."

"చాయ్?"

"అది గూడ లేదు. నోట్లకు ఇది తప్ప ఇంకోటి పోవద్దు. పిల్లలకు చానామందికి గీ పాలతోనే పేగు వాపు దిగుతది. గట్టి మాత్రలకన్న ముందు ఇదే చూస్తం. పెద్దోళ్లు ఇన్ని రోజులు పట్టువట్టి తాగలేరు. పిల్లలే నయం."

మా ప్రవళిక అప్పటిదాకా డబ్బానే చూస్తోంది. "మామిడికాయ తొక్కు నాకొచ్చా మేడం?" అని అడిగింది.

"నాకుడు గూడ లేదు, బంగారం."

వచ్చేముందు డాక్టరు ఇంకో మాట చెప్పాడు. పాలతో వాపు దిగితే సన్నబడ్డ చోటు మళ్లీ తెరుచుకుంటుంది. దిగకపోతే ఆ ముక్క కోసి తీసేయాల్సి వస్తుంది. ఆయన ఆ మాట అంటున్నప్పుడు నేను బల్ల మీద ఉన్న ప్లాస్టిక్ పేగును చూస్తున్నాను. ఎర్రగా, నీలంగా, బొమ్మల కొట్లో దొరికేదిలా ఉంది. నాకేమీ అనిపించలేదు. ఏమైనా అనిపిస్తుందేమోనని బస్టాండు దాకా చూసుకుంటూ వచ్చాను. అనిపించలేదు.

ఇంట్లో మా అవ్వ, నన్ను కన్న తల్లి మొగిలవ్వ, గడపలో కూర్చుని బీడీలు చుడుతోంది. జరిగింది చెప్పాను.

"అన్నం లేకుంట మనిషి ఎట్ల బతుకుతదిరా?"

"అన్నీ అండ్లనే ఉన్నయట అవ్వా."

"కూరగాయ గూడ?"

"అన్నీ."

అవ్వ డబ్బా మూత తీసి వాసన చూసి, మూత పెట్టేసింది. "దీంట్ల కూరగాయ లేదు" అంది.

మొదటి మూడు రోజులు ప్రవళిక ముక్కు మూసుకుని తాగింది. తలనొప్పి అంది. గోడవైపు తిరిగి పడుకుంది. మేం ఇంట్లో తాలింపు వేయడం మానేశాం. ఒక్కొక్కరం పెరట్లోకి పోయి, పళ్లెం చప్పుడు కాకుండా తినివచ్చాం. ఉల్లిగడ్డ కోయాలన్నా నా భార్య శైలజ పక్కింటికి పోయేది. నాలుగో రోజు ప్రవళిక, "బాపూ, ఇప్పుడు ఆకలైతలేదు. ఆకలంటె ఎట్లుంటదో యాదికస్తలేదు" అంది. మంచిదే కదా అన్నాను.

అవి ఎండాకాలం సెలవులు. శైలజ ప్రైవేటు బళ్లో ఆయా. బడి లేకున్నా రంగులు వేస్తున్నారని రోజూ పోయేది. నేను ఆటో మీద. పగలంతా ఇంట్లో అవ్వా, పిల్లా.

వాడలో వాళ్లకు రెండు రోజుల్లోనే తెలిసిపోయింది, లచ్చయ్య బిడ్డ అన్నం తినడం లేదని. ఎందుకు, ఏమిటి అని వచ్చేవాళ్లు. ప్రవళిక నా చెయ్యి పట్టుకుంది. "నా పేగు ముచ్చట ఎవ్వలకు చెప్పకు బాపూ. బళ్లె అందరు అదే అంటరు." ఎన్నిసార్లు బయటికి పోతుందో లెక్కపెట్టి నవ్వే పిల్లలు ఆమె తరగతిలో ఉన్నారు. సరే అన్నాను.

ఎదురింటామె గట్టిగా అడిగేసరికి అవ్వే చెప్పింది. "ఒక్కపొద్దున్నది మా పిల్ల."

అంతే, వాడ చల్లబడింది. మా దగ్గర ఒక్కపొద్దు, అంటే ఉపవాసం, ఉన్న మనిషిని ఎందుకు తినవని ఎవరూ అడగరు. దేవుడి పని. అవ్వ తెలివిని నేను లోపల్లోపల మెచ్చుకున్నాను. మెచ్చుకుని ఊరుకుంటే బాగుండేది.

మర్నాడు ఆటోలో ఐదుగురు ఆడవాళ్లు. అందులో ఇబ్రహీంపట్నం సాయవ్వ ఉంది. పసుపు పండిస్తారు. కొడుకు భూమేశ్ మస్కట్ వీసా కోసం ఏడాదిగా ఎదురుచూస్తున్నాడు.

"లచ్చన్నా, నీ బిడ్డ ఒక్కపొద్దున్నదట. ఏమైంది?"

నేను నోరు తెరిచాను. నోరు తెరిస్తే నా మాట నేను వినను.

"ఏం చెప్పాలె సాయవ్వా. పిల్ల అన్నం ముందల కూసున్నది. కిటికీలకెళ్లి ఒక కోతి అచ్చింది. గంత పెద్ద కోతి, మా తలుపు సరిపోదు దానికి. వచ్చి పళ్లెం ముందట సక్లముక్లం పెట్టుకొని కూసున్నది. అన్నమంత తిన్నది. లేచి చేతులు కడుక్కున్నది. శైలజ కొంగుకు మూతి తుడుసుకున్నది. పిల్ల నెత్తి మీద చెయ్యి పెట్టి పోయింది. ఆ దినం సంది పిల్ల అన్నం ముడుతలేదు."

"కొండగట్టు అంజన్ననే" అంది ఒకామె.

"నేనైతె ఆ పేరు తియ్యలే" అన్నాను.

"ఎన్ని దినాలు ఉంటదట?"

"ఎనిమిది వారాలు."

"చేతులు గూడ కడుక్కున్నదా?" అంది వెనక నుంచి ఇంకొకామె. ఆమెకు కొంచెం అనుమానం.

"సబ్బు అడిగింది" అన్నాను.

ఆటో అంతా నవ్వింది. నవ్వినవాళ్లే మెట్‌పల్లిలో దిగేటప్పుడు నా చేతికి అరటిపండ్లు ఇచ్చారు. "ఒక్కపొద్దు బిడ్డకు ఇయ్యి. పలారం" అన్నారు. సాయవ్వ మర్నాడు అటుకుల సంచి తెచ్చింది. మూడో రోజు పేలాలు, ఉడికించిన శనగల గుడాలు, పల్లిపట్టీలు. వారానికల్లా నా ఆటోలో మనుషులు తగ్గి సంచులు పెరిగాయి. ఒక రోజు వెనక బరువుకు ముందు చక్రం గాల్లోకి లేచింది. వెంకట్రావుపేట దాకా రెండు చక్రాల మీద నడిపాను. ఎదురొచ్చిన బస్సు డ్రైవరు గుర్రం అనుకుని పక్కకు జరిగాడు.

సంచులన్నీ తెచ్చి అవ్వ చేతికి ఇచ్చేవాణ్ని. అవ్వ కళ్లకద్దుకుని లోపల పెట్టేది. పొద్దుగూకినాక నేనూ శైలజా తలా ఇన్ని తినేవాళ్లం. మిగిలింది ఎక్కడికి పోతుందో నేను అడగలేదు. మోసింది మాత్రం నేనే.

నాలుగు వారాలయ్యాక జగిత్యాల పోయాం. నెత్తురు పరీక్షలో వాపు చూపే అంకె ఎక్కడిదక్కడే ఉంది. బరువు మూడు వందల గ్రాములు తగ్గింది. డాక్టరు కడుపు నొక్కి చూస్తుంటే ప్రవళిక పెదవి కొరుక్కుంది.

"ఒక్కొక్క పిల్లకు పనిచెయ్యదు. మనకు చెయ్యలేదు" అన్నాడు డాక్టరు. "వచ్చే గురువారం రాండ్రి. సర్జన్‌కు కాగితం రాసిస్త."

కల్పన మేడం మాత్రం వదల్లేదు. "డబ్బాలు ఇంక మిగిలినయా ఇంట్ల?"

"రెండున్నయ్ మేడం."

"ఎందుకు మిగిలినయ్? అయిపోవాలె కదా. ఇంకేమన్న తింటుందా?"

"మెతుకు ముట్టలేదు" అన్నాను. నిజమనుకునే అన్నాను. ప్రవళిక నేల మీద గచ్చు గళ్లను చూస్తోంది.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో కిటికీ పక్కన కూర్చుంది.

"బాపూ, కోసేటప్పుడు మత్తిస్తరు గద."

"ఇస్తరు బిడ్డా."

"ఎన్ని గంటలుంటది?"

"మూడు నాలుగు గంటలుంటదేమో."

"మంచిగుంటది" అంది.

బస్సు మేడిపల్లి దాటింది. ఎవరో నిమ్మకాయ సోడా తాగుతున్నారు. నాకు చెప్పడానికి ఒక ముచ్చట తట్టింది, కడుపు కోస్తే లోపల గాలిపటం దొరికిన ఒకడి గురించి. చెప్పాను కూడా. ఆమె నవ్వలేదు. నేనూ నవ్వలేదు. ముచ్చట చెబుతూనే ఉన్నాను, మోటారు ఆపడం మరిచిపోయిన బావిలా.

మర్నాడు ఎండకు రోడ్డు మీద పురుగు లేదు. పన్నెండింటికే ఆటో తీసుకుని ఇంటికొచ్చాను. గుమ్మం ముందు నాలుగు జతల చెప్పులున్నాయి.

లోపల ప్రవళికను పీట మీద కూర్చోబెట్టారు. పాదాలకు పసుపు. ముందు పళ్లెంలో గుడాలు, అరటిపండ్లు, పేలాలు. నలుగురు ఆడవాళ్లు నేల మీద కూర్చున్నారు. అవ్వ గుడాలు ఇన్ని ప్రవళిక నోట్లో పెడుతోంది. ప్రవళిక నమిలి మింగింది. మిగిలినవాటిని ఆ నలుగురూ ప్రసాదంలా కొంగుల్లో పట్టారు. అందులో సాయవ్వ కూడా ఉంది.

"అవ్వా. ఏం పెడ్తున్నవే?"

"పలారం."

"ఏం తినొద్దన్నరు గద."

"తింటలేదు గదరా. అన్నం మెతుకు ముట్టియ్యలే నేను. రొట్టె ముట్టియ్యలే. కూర వాసన తగలనియ్యలే. పిల్ల ఒక్కపొద్దు ఇడువలేదు."

అవ్వ గొంతులో తప్పు చేసిన జాడ లేదు. మా దగ్గర ఒక్కపొద్దు ఉన్నవాళ్లు అన్నం ముట్టరు. చాయ్ తాగుతారు, పండు తింటారు, పలారం తింటారు. అది తిన్నట్టు కాదు. యాభై ఏళ్లుగా మా అవ్వ శనివారం శనివారం అలాగే ఉంది. అడ్డం పెట్టుకోవడానికి చెప్పిన మాటకు తోక ఉంటుందని నేను అనుకోలేదు. ఒక్కపొద్దు అన్నాక దాని పద్ధతి కూడా ఇంట్లోకి వచ్చింది.

"ఎప్పటి సంది?"

"రెండో వారం సంది. పిల్ల మొఖం సూసినవా నువ్వు? వట్టి పాలతోని ఎట్లుంటది? నేను గూడ దానితోని అన్నం ముడుతలేను. నేను బతుకుతలేనా పలారం మీద?"

అప్పుడు చూశాను అవ్వను. గాజులు మోచేతి దాకా జారుతున్నాయి. నెల రోజుల నుంచి ఆమె అన్నం తినలేదు. అది కూడా నేను చూడలేదు.

"లచ్చన్నా," అంది ఆ అనుమానపు ఆమె, "కోతి సబ్బు అడిగిన ముచ్చట పిల్లనడిగితె ఏం చెప్తలేదు."

"ఇయ్యాల్టికి పోండ్రమ్మా" అన్నాను.

వాళ్లు పోయాక ప్రవళిక పీట మీదే ఉంది.

"నీకు ఎరికే గద బిడ్డా. ఇది గూడ తినొద్దని."

"ఎరికే."

"మరి?"

"దండం పెట్టి ఇచ్చిండ్రు. వద్దంటె ఎందుకంటరు. ఎందుకంటె జబ్బని చెప్పాలె." పీట మీంచి లేచింది. "గుడాలు తిన్నప్పుడల్ల మస్తు నొస్తది. అయినా తిన్న. ఆకలైంది బాపూ."

పసుపు కాళ్లను నీళ్లతో కడుక్కుంది. తుడుచుకుంటూ నా వైపు చూడకుండా చెప్పింది. "డాక్టర్‌కు చెప్పకు. చెప్తె మల్ల మొదటి సంది అంటరు. ఎనిమిది వారాలు మల్ల నాతోని గాదు. కోసెయ్యమను. ఒక్క దినంల అయిపోతది."

సాయంత్రం శైలజ వచ్చింది. అంతా విన్నది. గట్టిగా అరుస్తుందనుకున్నాను. చెప్పులు విడిచి, గోడకు ఆనుకుని కూర్చుంది.

"మీ అవ్వనేం అనకు. ఆమె ఒక్కపొద్దన్నది. ఊరంత తిప్పింది నువ్వు. కోతిని ఇంట్లకు తోల్కచ్చింది నువ్వు."

"నవ్వుతరని చెప్పిన."

"నవ్విండ్రు గద" అంది.

గురువారం దాకా నేను ఆటోలో ఏమీ మాట్లాడలేదు. పెట్రోలు తక్కువ తాగినట్టనిపించింది. పిల్ల అడిగినట్టు ఊరుకోవచ్చు. అలా చేస్తే పిల్ల నన్ను మెచ్చుకుంటుంది, పేగు ముక్క పోతుంది. ముక్క పోయినా జబ్బు పోదని డాక్టరు మొదటే చెప్పాడు. పక్కన ఇంకోచోట మళ్లీ రావచ్చట. ఇవన్నీ ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూశాను, వేరేవాళ్ల ఇంటి సామాను చూసినట్టు.

జగిత్యాలకు నలుగురం పోయాం. అవ్వ వస్తానంది. వద్దనలేదు. డాక్టరు కాగితం మీద రాయడం మొదలుపెట్టాడు. ప్రవళిక నా మోకాలి మీద చెయ్యి వేసింది. చెప్పొద్దని నొక్కింది.

"రాయకుండ్రి సార్" అన్నాను. "పిల్ల తిన్నది."

డాక్టరు పెన్ను ఆపాడు. మోకాలి మీద చెయ్యి లేచిపోయింది.

"ఏం తిన్నది?"

"గుడాలు. పేలాలు. అటుకులు. సాబుదాన. అరటిపండ్లు. పల్లిపట్టీలు. రెండో వారం సంది దినాం తిన్నది. నేనే ఆటోల మోసుకచ్చిన." నా జీవితంలో ఒక్క ముక్క కూడా కలపకుండా చెప్పింది అదే. చెప్పడానికి అర నిమిషం కూడా పట్టలేదు.

కల్పన మేడంను పిలిచాడు. అవ్వ ఆమెకు ఒక్కపొద్దు సంగతి తన పద్ధతిలో చెప్పింది. కల్పన మేడంది పెగడపల్లి. మళ్లీ చెప్పించుకోవలసిన పని లేకపోయింది.

"మా అమ్మ గూడ ఒక్కపొద్దు నాడు రెండు దోశెలు తిని, పొద్దుటి సంది ఏం తినలేదంటది" అంది. డాక్టరు వైపు తిరిగింది. "సార్, ఇది పని చెయ్యకపోవుడు గాదు. మనం ఇంక మొదలే పెట్టలేదు."

డాక్టరు ఇంకోసారి కడుపు నొక్కి చూశాడు. వాంతులు లేవు, కడుపు ఉబ్బలేదు, దారి పూర్తిగా మూసుకోలేదు కాబట్టి ఆగొచ్చన్నాడు. వాంతులైతే ఆ రోజే రావాలన్నాడు. ఎనిమిది వారాలు, మొదటి రోజు నుంచి.

అవ్వ లేచి కల్పన మేడం బల్ల దగ్గరికి పోయింది. "అమ్మా, ఒక్క పేలపు గింజ?"

"లేదవ్వా."

"పల్లిగింజల సగం?"

"లేదు."

"గుడిల తీర్థం?"

"వద్దు. మంచినీళ్లు, పాలు, అంతే."

"బొట్టు పెట్టొచ్చా?"

"బొట్టు పెట్టొచ్చు. అది నొసటికి" అంది కల్పన మేడం. అవ్వ అన్నీ గుర్తుపెట్టుకోవడానికి వేళ్లు మడిచింది.

బయటికి వచ్చాక ప్రవళిక అమ్మతో చెప్పింది, నాతో కాదు. "కోరుట్లల ఉండ. సిరిసిల్ల చిన్నమ్మోళ్లింటికి పోత. నాయినమ్మ రావాలె. బాపు రావద్దు."

శైలజ చెల్లెలు స్వప్న సిరిసిల్లలో సాంచాల షెడ్డు వెనక ఒక గదిలో ఉంటుంది. భర్త ఆ సాంచాలు, అంటే మరమగ్గాలు, నడుపుతాడు. ఆటోలో వాళ్లనూ డబ్బాలనూ నేనే దింపాను. దారిపొడుగునా ప్రవళిక అవ్వ పక్కన కూర్చుని బయటికి చూసింది. గది ముందు దిగి డబ్బాలు లోపల పెట్టి వచ్చాను. సాంచాల చప్పుడుకు గోడలు వణుకుతున్నాయి. ఆ చప్పుడులో ఆమె పోయిరా అన్నా నాకు వినపడేది కాదు. అనలేదనే అనుకుంటున్నాను.

కోరుట్ల రోడ్డు మీద నాకు ఇంకో పని మిగిలింది. సాయవ్వ ఎక్కింది, సంచితోనే.

"పిల్ల ఏది లచ్చన్నా?"

"ఒక్కపొద్దు గాదు సాయవ్వా. జబ్బు. పేగు వాచింది. పాలు తప్ప ఏం తినొద్దన్నరు. కోతి రాలేదు."

సాయవ్వ సంచిని ఒళ్లోకి తీసుకుంది. మెట్‌పల్లి దగ్గరపడ్డాక అడిగింది.

"మరి మా భూమేశ్‌కు వీసా అచ్చింది గద."

"అచ్చిందా?"

"నీ బిడ్డ మా అటుకులు ముట్టిన వారమే అచ్చింది."

"మంచిగైంది" అన్నాను. ఆ అటుకులు మా పిల్ల పేగులో ఏం చేశాయో చెప్పవచ్చు. చెప్పలేదు. ఆమె దిగి, సంచి సీటు మీదే వదిలిపోయింది. "ఇది మీరు తినుండ్రి. పిల్లకు పెట్టకుండ్రి" అని చెప్పి మరీ పోయింది.

తర్వాత ఎక్కిన ప్రతి ఒక్కరికీ అదే చెప్పాను. కొందరు అయ్యో అన్నారు. కొందరు కోతి ముచ్చటే బాగుందన్నారు. రెండు వారాలకు అడగడం మానేశారు.

బళ్లు తెరిచినా ప్రవళికను పంపలేదు. సిరిసిల్ల సంగతులు స్వప్న ఫోనులో చెప్పేది. అవ్వ గుమ్మంలో కూర్చుంటుందట. పక్కగదుల వాళ్లు గిన్నె పట్టుకుని వస్తే లేచి నిలబడుతుందట. ఒకామె చిన్నపిల్ల పుట్టినరోజని కేకు ముక్క తెస్తే అవ్వ గిన్నెతో సహా ఆమె గది దాకా మోసుకుపోయి పెట్టి వచ్చిందట.

"పిల్ల ఏమంటది?" అని అడిగాను.

"ఏమనది బావా. ఎవలన్న అడిగితె తనే చెప్తది. 'నాకు పేగు జబ్బు, ఏం తినొద్దు' అంటది. అని మల్ల ఫోన్ చూసుకుంటది. వాళ్లు గూడ సరే అని పోతరు."

"గంతేనా?"

"గంతే. గిదానికి మీరు కోతినెందుకు తెచ్చిండ్రు?"

నాలుగో వారం పరీక్షలో అంకె సగానికి దిగింది. బరువు కిలోంబావు పెరిగింది. బయటికి పోవడం రోజుకు రెండుసార్లకు వచ్చింది. ఇదంతా శైలజ చెప్పింది. నేను ఆటో పక్కకు ఆపి విని, మళ్లీ స్టార్ట్ చేశాను. సంతోషపడాలని తెలుసు. దానికోసం కాసేపు ఆగాను. వెనకనుంచి లారీవాడు హారన్ కొట్టాడు.

ఎనిమిది వారాలు నిండిన రోజు నన్ను కూడా జగిత్యాలకు రమ్మన్నారు. ప్రవళిక బుగ్గలు వచ్చాయి. గౌను పొట్టిదైంది. డాక్టరు పొట్ట మీద మిషను పెట్టి చూశాడు. వాపు దిగింది, సన్నబడ్డ చోటు తెరుచుకుంది, ఇప్పటికి కోత అవసరం లేదన్నాడు. జబ్బు పోలేదు, పడుకుంది అన్నాడు. లేవకుండా చూసుకోవాలి, మందు కూడా మొదలుపెడతానన్నాడు. శైలజ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను ఫ్యాను చూస్తున్నాను. మూడు రెక్కల్లో ఒకటే తుడిచారు.

కల్పన మేడం కొత్త కాగితం ఇచ్చింది. సగం కడుపుకు డబ్బా పాలే. సగానికి అన్నం, ఉడకబెట్టిన కోడికూర, గుడ్డు, ఆలుగడ్డ, పండిన అరటిపండు. కారం లేదు, మసాలా లేదు, ప్యాకెట్ తిండ్లు లేవు. ఒక్కొక్కటీ మెల్లగా.

నేరుగా సిరిసిల్ల పోయాం. స్వప్న అన్నం వండింది, ఉప్పేసి కోడి ముక్కలు ఉడకబెట్టింది. పక్కగదుల ఆడవాళ్లు గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు, పిల్ల మొదటి ముద్ద తింటుంటే చూద్దామని. అవ్వకు కూడా పళ్లెం పెట్టారు. ఈ ఎనిమిది వారాలూ స్వప్న ఎంత చెప్పినా ఆమె అన్నం ముట్టలేదట. పిల్ల తిన్నాకే తింటానని పళ్లెం ముందు కూర్చుంది.

ప్రవళిక పళ్లెం చేతిలోకి తీసుకుంది. అందరినీ చూసింది.

"నేను ఒక్కదాన్నే తింట" అంది.

"మేం ఏం అంటం బిడ్డా, సూత్తం గంతె" అంది ఒకామె.

"సూడకుండ్రి."

మేమంతా బయటికి వచ్చాం. ఆమె తలుపు వేసుకుంది. అవ్వ తన పళ్లెం కూడా బయటికి తెచ్చుకుని ఒళ్లో పెట్టుకుంది. సాంచాలు నడుస్తున్నాయి. లోపల ముద్ద కలుపుతుందో, మింగుతుందో, నొప్పి వచ్చిందో ఏమీ వినపడదు. శైలజ తలుపు సందు వైపు చూసి, మళ్లీ తల తిప్పుకుంది. ఆడవాళ్లు కాసేపుండి పోయారు. మేం ఎంతసేపు నిలబడ్డామో తెలియదు. అవ్వ పళ్లెంలో అన్నం మీద ఈగ వాలితే చేత్తో తోలింది.

తలుపు తెరుచుకుంది. పళ్లెంలో సగం మిగిలి ఉంది.

"నొస్తుందా?" అంది శైలజ.

"లేదు."

"ఎట్లుంది మరి?"

"అన్నం లెక్కనే ఉంది" అంది ప్రవళిక.

అవ్వ ముద్ద కలిపింది. ప్రవళిక నల్లా దగ్గర పళ్లెం కడిగి బోర్లించి వచ్చింది. ఫోనులో టైము చూసుకుంది. గ్లాసు, డబ్బా తెచ్చి నా ముందు పెట్టింది. ఇన్ని రోజుల్లో నేను ఒక్కసారి కూడా ఆ పాలు కలపలేదు. నీళ్లు పోసి, డబ్బాలో ఉన్న చెంచాతో పొడి వేశాను. కలపబోయాను.

"ఆరు చెంచాలే ఏసినవ్" అంది. "ఏడు ఏయాలె."

ఇంకొకటి వేశాను.